కుర్చీచూపులు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లు: వరండాలో తాతయ్య, వంటింట్లో నానమ్మ, మధ్యగదిలో హైమత్త, ఆమె వెనకాల మేనకోడలు వకుళ, అత్తను ఇంటర్వ్యూ చెయ్యడానికి పొద్దున బస్సు దిగి వచ్చిన కుర్చీ.

పెద్ద ఉద్యోగాలకు కుర్చీయే ఇంటికొచ్చి మనిషిని చూసుకోవడం మామూలే. చిన్న ఉద్యోగాలకు మనుషులే వెళ్లాలి. స్టూళ్లకు ప్రయాణఖర్చులు ఇవ్వరు.

ఇది పాల కంపెనీలో జనరల్ మేనేజరు కుర్చీ. నల్లగా, చక్రాలతో, చాలా మర్యాదగా ఉంది. కిందటేడు ఇంకో కంపెనీ కుర్చీ వచ్చి అత్తను వద్దని వెళ్లిపోయింది. "సమర్థురాలే. కూర్చోదు" అని కారణం రాసింది. ఒకసారి వద్దన్న ఇంటికి ఇంకో కుర్చీ రావడమే గొప్ప. ఇదీ వెళ్లిపోతే ఇక ఏదీ రాదు. తన దగ్గర పని నేర్చుకున్నవాళ్ల కిందే అత్త రిటైరవ్వాలి.

ఆ కుర్చీ రాసినదాంట్లో అబద్ధం లేదు. ఆ ఇంట్లో తాతయ్య గొంతు సవరించుకుంటే ఆడవాళ్లు లేచి నిలబడతారు. ఆ అలవాటు అత్తతోపాటు ఆఫీసుకూ వెళ్లింది. అక్కడ ఎవరు దగ్గినా లేచేది.

అందుకే నెల్లాళ్లుగా వకుళ తాతయ్య కండువా వేసుకుని, దగ్గుతూ గదిలోకి వస్తోంది. బయటివాళ్ల ముందు నోరు విప్పని పిల్ల, దగ్గడం మాత్రం బాగా నేర్చుకుంది. వచ్చిన ప్రతిసారీ అత్త లేచేది.

"నేనేగా అత్తా."

"నువ్వేనని నాకు తెలుసే. నా మోకాళ్లకు తెలియదు."

ఈలోగా నానమ్మ ఒక పని చేసింది. కుర్చీ ప్రయాణబడలికతో కునుకు తీస్తుంటే, దసరాకి మోటారుకీ కుట్టుమిషనుకీ చేసినట్టే దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, చామంతిపువ్వు ఉంచి, హారతి ఇచ్చింది. కడుపుకి కూడు పెట్టేదానికి పూజ చెయ్యకపోతే ఎలా అనుకుంది.

అత్త వచ్చి చూసి అక్కడే ఆగిపోయింది. "బొట్టు పెట్టినదాని మీద ఎలా కూర్చోనమ్మా? కళ్లు పోవూ?"

కుర్చీకి మెలకువ వచ్చింది. "దేవుణ్ణయితే నేను ఇంటర్వ్యూ చెయ్యకూడదండీ, వరాలివ్వాలి" అంది. "వరాలిచ్చే కుర్చీలు వేరే ఉన్నాయి. మా విభాగం కాదు. సాయంత్రం బస్సుకి వెళ్లిపోతాను."

నానమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తలుపు చాటు నుంచి సన్నని గొంతు వినిపించింది. "చవితికి వినాయకుణ్ణి కొంచెం కదిపితే పూజ అయిపోయినట్టే కదా, నానమ్మా?"

కుర్చీ ఆలోచించింది. "చెల్లుతుంది" అంది.

నానమ్మ దణ్ణం పెట్టుకుని కుర్చీని కాస్త ఉత్తరానికి జరిపింది. కొంగుతో బొట్టు తుడిచింది. దేవుడు వెళ్లిపోయాడు, మేనేజరు కుర్చీ మిగిలింది. అత్త కూర్చుంది.

కుర్చీ పాల సేకరణ గురించి అడిగింది. అత్త చెబుతోంది. అంతలో తాతయ్య కళ్లజోడు కోసం గదిలోకి వచ్చి గొంతు సవరించుకున్నాడు.

అత్త మోకాళ్లు కదిలాయి. కుర్చీ సాయం చెయ్యలేదు, అది నిబంధనలకు విరుద్ధం. అత్త రెండు చేతులతో కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది.

"ఏం కావాలి నాన్నగారూ?" అంది, కూర్చునే.

తాతయ్య కూతురివైపు చాలాసేపు చూశాడు. తర్వాత కండువా భుజం మీంచి తీసి చంకలో పెట్టుకుని, చేతులు కట్టుకున్నాడు.

"కళ్లజోడు కోసమండీ. పనిలో ఉన్నట్టున్నారు. ఎప్పుడు రమ్మంటారు?"

"కబురు చేస్తాను" అంది అత్త.

ఆయన వెనక్కి అడుగులేసుకుంటూ వెళ్లిపోయాడు. వకుళ ఆగలేక లోపలికి ఉరికింది. "లేవలేదత్తా! నువ్వు లేవలేదు!"

అత్త ముఖం వెలిగింది. మేనకోడలి బుగ్గ తట్టింది. ఆపైన గొంతు మార్చి, "చెప్పకుండా లోపలికి రాకూడదమ్మా, బయట కూర్చో" అంది. వకుళ సంతోషంగా గుమ్మం దాటింది. అత్త లేవకుండానే, చక్రాల మీద జరుగుతూ గుమ్మం దాకా వచ్చి, ఆమె ముఖం మీదే తలుపు వేసింది.