గురివింద గింజ కింద బొమ్మ

ఒక పెద్ద అడవిలో ఒక సింహం ఉండేది. దానితో మనకి పని లేదు. ఈ కథ గవరయ్య అనే ముళ్ళపందిది.

గవరయ్య తన వీపు మీది ముల్లే పీకి, దాన్నే కుంచె చేసుకుని, చెట్టు బెరళ్ళ మీద బొమ్మలు వేసేవాడు. పీకిన ప్రతిసారీ ప్రాణం పోయినంత పనయ్యేది.

ఆ బొమ్మలు పెట్టేది ఊసరవెల్లి రంగనాయకులు గుహలో. అదే అడవికంతటికీ ఒకే ఒక్క గ్యాలరీ. ఎవరైనా పచ్చ బొమ్మ ముందు నిలబడితే రంగనాయకులు పచ్చబడిపోయి, "దీన్ని చూస్తే నా ఒళ్ళు నా మాట వినదండీ" అనేవాడు. అయినా రెండేళ్ళుగా ఒక్క బొమ్మా కదల్లేదు.

"ఈసారి ప్రదర్శనలో కూడా పోకపోతే గుహని నెమళ్ళ డాన్సు క్లాసులకి ఇచ్చేస్తా. నీ బొమ్మలు వానలో ఆరేసుకో" అన్నాడు చివరికి.

గవరయ్యకి మిగతావి ఏమైపోయినా ఫర్వాలేదు గానీ 'ఎండిన వాగు' అని ఒక బొమ్మ ఉంది. దాని కోసం నూట పదకొండు ముళ్ళు పీక్కున్నాడు. వీపు సగం బోడిదైపోయింది. ఒక్కరైనా ఆగి దాన్ని చూస్తే చాలనుకునేవాడు.

అమ్ముడుపోయిన బొమ్మ కింద ఎర్రటి గురివింద గింజ అంటించడం ఆ గుహ ఆచారం. ప్రదర్శన రోజు పొద్దున్నే రంగనాయకులు అన్ని బొమ్మల కిందా గింజలు అంటించేశాడు.

"ఇదేంటి నాయకులుగారూ, ఒక్కటీ పోలేదు కదా?"

"పిచ్చివాడా! అందరూ కొన్నారంటేనే అందరూ కొంటారు."

"అన్నీ పోయాయంటే ఇంకేం కొంటారండీ?"

"నువ్వు కళాకారుడివి. వ్యాపారం నీకెందుకయ్యా?" అంటూ రంగనాయకులు బూడిదరంగులోకి మారి గోడలో కలిసిపోయాడు.

జంతువులు వచ్చాయి. అన్నీ పోయాయట అని నోరెళ్ళబెట్టి, వచ్చిన దారినే పోయాయి. అడవిదున్న పోలినాయుడు ఒక్కడే 'ఎండిన వాగు' ముందు ఆగాడు. మధ్యాహ్నమైనా కదల్లేదు.

"మా అమ్మ ఇక్కడే నాకు నీళ్ళు తాగడం నేర్పింది. ఇదిగో, ఈ రాయి పక్కనే" అన్నాడు ముక్కు ఎగబీలుస్తూ. "అయ్యా, ఇది నాకిస్తారా?"

గవరయ్య నోరు తెరిచేలోపే గోడ మాట్లాడింది. "అయ్యయ్యో, పోయిందండీ!"

పోలినాయుడు తల వంచుకుని వెళ్ళిపోయాడు. గవరయ్యకి ఏడుపాగలేదు. రెండేళ్ళకి ఒక్కడు చూశాడు, వాడికీ లేదనిపించారు.

అప్పుడే ఏనుగు దొరసాని వచ్చి తొండంతో చూపించింది. "ఆహా, ఎర్రటి ఒళ్ళు, నల్లటి బొట్టు! ఇది నాకు కావాలి. దాని పైన ఆ బెరడెందుకూ, అడ్డంగా?"

రంగనాయకులు క్షణంలో గురివింద రంగులోకి మారాడు. "ఏం చూపమ్మా మీది! బెరడు ఇప్పుడే తీయిస్తాను."

సాయంత్రానికి గింజలన్నీ అయిపోయాయి. మర్నాడు గోడలనిండా కొత్త గింజలే.

"మరి నా బొమ్మలిక పనికిరావాండీ?" అన్నాడు గవరయ్య.

"ఎందుకు పనికిరావూ? ఏ గింజ పోయిందో జనానికి తెలియాలిగా. పోయినదాని కింద ఒక బొమ్మ తగిలించు. గింజ కొన్నవాళ్ళు కావాలంటే గుర్తుగా బొమ్మ కూడా పట్టుకుపోతారు."

గవరయ్య పరుగున పోలినాయుడి దగ్గరికి వెళ్ళాడు. "అన్నా, ఒక గింజ కొను."

"నాకు గింజెందుకు తమ్ముడూ?"

"నీకక్కర్లేదు. వాగు దాని కింద వస్తుంది."

పోలినాయుడు వచ్చి, చూడకుండానే ఒక గింజని చూపించాడు. గవరయ్య దాని కింద 'ఎండిన వాగు' తగిలించాడు. పోలినాయుడు గింజని గుమ్మంలోనే పారేసి, బొమ్మని కొమ్ముల మీద పదిలంగా పెట్టుకుని వెళ్ళిపోయాడు. గవరయ్య వాడు కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడ్డాడు. అంత సంతోషం అతనికి ఎప్పుడూ కలగలేదు.

రంగనాయకులు కూడా కళ్ళు తుడుచుకున్నాడు. కిందపడ్డ గింజని ఏరి, దులిపి, "పాపం, ఎంత మంచి గింజ! వాడికి చూసే కన్ను లేదు" అన్నాడు.

నీతి: బొమ్మ ఎంత గొప్పదైనా సరే, పైన మంచి గింజ పడాలి.