గంప కింద గుమ్మడి పిందె

ఆ రోజు సాలమ్మ పెట్టుకున్న పని ఒక్కటే: పాదుకు రెండు బిందెలు పోసి, పిందె మీద గంప బోర్లించి, పత్తి చేనుకు పోవడం. బిడ్డ గ్లోరీ నర్సు కొలువుకు పరీక్ష రాసింది. మొదటి గుమ్మడికాయ చర్చికిస్తానని సాలమ్మ మొక్కుకుంది. గంప కప్పినా ఎవరో తొంగిచూసి వేలు చూపబట్టే ఇప్పటికే రెండు పిందెలు మురిగిపోయాయని ఆమె నమ్మకం. మూడోదీ పోతే కొలువూ పోయినట్టే. అందుకే దాన్నీ మొగ్గనాడే గంప కింద దాచింది. రాత్రంతా నిద్ర లేదు.

గంప మీద రాయి పెడుతుంటే గోడ మీంచి పక్కింటి హనుమమ్మ తొంగిచూసింది.

"సాలమ్మా, గంప కింద ఏందే?"

పిందె ఉందని చెప్పినా దిష్టే. "ఏంలేదు వదినా. నువ్వు జర అటు తిరుగు."

"ఏంలేందానికి గంత రాయెందుకు?"

"నీకు దండం పెడ్త, వదినా. పో!"

హనుమమ్మ పోయింది. పోయిన వారమే వాడలో పాము కనబడింది. ఆమె నల్లా దగ్గరికి చేరేసరికి ఆమె మాటల్లో గంప కింద పాము పడింది, పాములు కొట్టే మల్లయ్య ఇంటికి చేరేసరికి అది పడగ విప్పింది. సాలమ్మ సద్దిగిన్నెతో బయటికొచ్చేసరికి వాకిట్లో ఇరవై మంది, ముందర కట్టెతో మల్లయ్య.

"ఏ గంప?" అన్నాడతను.

"గదే!" ఇరవై వేళ్లు ఒక్కసారి లేచాయి.

"అయ్యో, వేళ్లు ముడువున్రి!" సాలమ్మ కేకకు జనం రెండడుగులు వెనక్కి దూకారు. మల్లయ్య కట్టెతో గంపను పక్కకు దొర్లించాడు. పిందె కొసన పసుప్పచ్చ పువ్వు విచ్చుకుని ఉంది.

"గిదా?" అని అతనూ వేలు చూపాడు. సాలమ్మ అక్కడే కూలబడింది. గంప తిరిగి వేసే ఓపిక కూడా లేకపోయింది. కాసేపటికి పువ్వు మీద తేనెటీగలు ముసిరాయి.

పది రోజులకు పిందె చెంబంత అయింది.

"ఆడపువ్వు మీద గంపేస్తే తేనెటీగ యాడికెళ్లి వస్తదే అమ్మా? పుప్పొడి అంటకనే ఆ రెండూ మురిగినయ్" అంది గ్లోరీ నవ్వాపుకుంటూ.

సాలమ్మ తలూపింది. గంపను కోళ్లకిచ్చింది. తెల్లారి గోడ దగ్గర నిలబడింది.

"వదినా, ఇంకో రెండు పిందెలేసినయ్. జర వచ్చి వేలు సూపి పో."

మల్లయ్యను కట్టె తెమ్మని కూడా కబురుపెట్టింది. ఏది పనిచేసిందో ఆమెకింకా రూఢి కాలేదు.