పువ్వులు ఎక్కువున్న టెంప్లేటు

పుదుచ్చేరి పట్టణంలో బీమా ఏజెంటుకూ క్లయింటుకూ మధ్య ఉండే దూరాన్ని కంపెనీ ఒక సర్క్యులర్‌తో రద్దు చేసింది. ఇకమీదట ఏజెంట్లు ఎండలో బండేసుకుని ఇళ్ళ చుట్టూ తిరగక్కర్లేదు. నెలనెలా వాట్సాప్‌లో ఒక న్యూస్‌లెటర్ పంపితే చాలు, ఆప్యాయత దానంతటదే పుడుతుంది. పుట్టిన ఆప్యాయతను కొలవడానికి బ్రాంచిలో ఒక విభాగం తెరిచి, హేమమాలినిని ఆప్యాయతాధికారిణిగా వేశారు. (అంతకుముందు ఆమె స్టేషనరీ చూసుకునేది. అప్పట్లో నవ్వేదని పాత ఉద్యోగులు చెబుతారు.)

ఈ కొత్త పద్ధతిలో బ్రాంచికే మొదటివాడు కోసపాళయం రఘునాథన్.

"నా క్లయింటు ఇంట్లో ఎవురన్నా తుమ్మినా నాకు తెలిసిపోతాదప్పా" అని టీకొట్లో చెప్పేవాడు. ఎవరూ తుమ్మి పరీక్షించలేదు కాబట్టి అది నిజమేనని అందరూ ఒప్పుకున్నారు.

న్యూస్‌లెటర్ క్లయింటు మాతృభాషలోనే ఉండాలన్నది నియమం. రఘునాథన్ క్లయింట్లందరి దరఖాస్తుల్లోనూ మాతృభాష తెలుగు. తరతరాలుగా ఈ ఊళ్ళో ఉంటున్న ఆ ఇళ్ళలో తెలుగులో మాట్లాడతారు, తెలుగులోనే పోట్లాడతారు. చదవాల్సి వస్తే మాత్రం తమిళం. తెలుగు అక్షరాలు వాళ్ళ కంటికి చక్కటి ముగ్గులు. ముగ్గును ఎవరు తప్పుపడతారు? మర్యాదగా ఒక దండం బొమ్మ నొక్కేవారు. కంపెనీ కంప్యూటరు ప్రతి దండాన్నీ "చదివి ఆనందించారు" అని రాసుకునేది.

అందరికంటే ముందు దండం వచ్చేది మురుంగపాక్కం ముత్తు నుంచి. ముత్తు రఘునాథన్‌కు మొదటి క్లయింటు. నిరుడు కంపెనీ అతన్ని "ఉత్తమ పాఠకుడు"గా ప్రకటించి, ప్రశంసాపత్రాన్ని కూడా వాట్సాప్‌లోనే పంపింది. దానికీ దండమే వచ్చింది.

ఏ నెల ఏ టెంప్లేటు పంపాలో ఏజెంటే ఎంచుకోవాలి. రఘునాథన్ ఎలా ఎంచుకుంటాడన్నది ఆయన వృత్తి రహస్యం. ఎంచుకుంటే ఆయన ఫోటో, పేరు వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. ఆ నెల కూడా ఒకటి ఎంచి, పంపి, ఇడ్లీ ముందు కూర్చున్నాడు. భార్య అంబుజం ఫోను మోగింది.

"ఎవురూ? నటేశన్ నగర్ లోకేశ్వరివా? చెప్పమ్మా... పోయినారా? యాడికి పోయినారు? ఇదో, నా ముందరే కూర్చోని చట్నీ చాల్లేదని అరస్తా ఉండారు... అయ్యో, నువ్వెందుకు ఏడస్తావు?"

లోకేశ్వరి నెల్లూరు నుంచి కోడలుగా వచ్చిన పిల్ల. రఘునాథన్ క్లయింట్లలో తెలుగు చదవడం వచ్చింది ఆమె ఒక్కతికే. (కంపెనీ రికార్డులో ఆమెను "స్పందించని క్లయింటు" అని రాశారు.) ఆ నెల న్యూస్‌లెటర్‌ను ఆమె చదివింది. అందులో ఉన్నది ఇదీ: "మీ ప్రియతమ ఏజెంటు రఘునాథన్ గారు దివంగతులయ్యారని తెలపడానికి చింతిస్తున్నాము."

ఇందులో రఘునాథన్ తప్పేమీ లేదు. ఈ ఊరి గోడల మీద పుట్టినరోజు పోస్టరైనా, కన్నీటి అంజలి పోస్టరైనా నవ్వుమొహం ఫోటో, చుట్టూ పువ్వులు, కింద చుట్టాల పేర్లు ఒకే తీరుగా ఉంటాయి. తేడా అంతా అక్షరాల్లోనే.

సాయంత్రానికి మిగతా క్లయింట్లందరూ స్పందించారు. దండాలు, బొటనవేళ్ళు, అక్కడక్కడా "సూపర్ సార్", ఒకచోట కేకు. ఇంతమంది ధ్రువీకరించాక కంప్యూటరు మాత్రం ఏం చేస్తుంది? రఘునాథన్ చనిపోయినట్టు రాసుకుంది.

మర్నాడు ఆయన బ్రాంచికి పరుగెత్తాడు.

"మేడమ్, నేను బతికే ఉండాను."

హేమమాలిని ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "కనిపిస్తా ఉండాది సార్. కానీ కనిపించేదాన్ని అప్‌లోడ్ చేసేదానికి ఆప్షన్ లేదు."

"మరేం చెయ్యాల?"

"క్లయింటుగానీ వాళ్ళింటివాళ్ళుగానీ ఒక్కరు, 'ఈ ఏడాదిలో ఈయన్ని మా కళ్ళతో చూసినాం' అని సంతకం పెట్టాల. శుక్రవారం లోపల రాకపోతే మీ క్లయింట్లంతా కడలూరు ఏజెంటుకు పోతారు." తర్వాత ధైర్యం చెప్పింది. "మీకేంది సార్, ఆప్యాయతలో మీరే ఫస్టు. వంద సంతకాలొస్తాయి."

రఘునాథన్ నవ్వుకుంటూ బయల్దేరాడు. నటేశన్ నగర్‌లో లోకేశ్వరి తలుపు తీసి, ఫోటోతో పోల్చి చూసుకుని, మంచినీళ్ళిచ్చి, సంతకానికి మాత్రం ఒప్పుకోలేదు. "ఏమనుకోబాకండి అంకుల్, మిమ్మల్ని ఇప్పుడే మొదటిసారి చూస్తా ఉండా. మీరే ఆయనని నేనెట్ట చెప్పేది?" కోసపాళయంలో పక్కవీధి క్లయింటు గ్రిల్లు అవతల నుంచే "కొరియరా?" అని అడిగాడు. ఇంకొకాయన గుర్తుపట్టి, "మీరు పోయినారని చెప్పినారే!" అని తలుపు వేసుకున్నాడు.

శుక్రవారం పొద్దున ఆయనకు ముత్తు గుర్తొచ్చాడు. అంత ఆప్యాయంగా చదివే మనిషి ఒక సంతకం పెట్టడా?

మురుంగపాక్కంలో ముత్తు భార్య మణియమ్మ వాకిట్లో చేపలు కడుగుతోంది.

"వచ్చినావా తమ్ముడూ! వస్తావని తెలుసు. లోపలికి రా."

"అన్న యాడక్కా?"

ఆమె చేతిలో చేప అలాగే ఉండిపోయింది. గోడవైపు చూసింది. గోడ మీద ముత్తు నవ్వుమొహం ఫోటో, చుట్టూ పువ్వులు. రఘునాథన్‌కు ఆ డిజైను బాగా తెలిసినట్టనిపించింది.

"ఏడాది దాటింది గదా తమ్ముడూ. నీకు తెలీదా?"

"మరి... నెలనెలా దండం వస్తా ఉండింది?"

"నేనే నొక్కేది. ఆయన ఫోనుకు నీ పేపరు వస్తానే ఉండాది గదా. రఘునాథన్‌కు మన సంగతి తెలిసిపోయింది, ఆ బీమా దుడ్డు గురించే ఏందో రాసి పంపిస్తా ఉండాడు, వచ్చేటప్పుడు వస్తాదిలే అనుకున్నా. నాకు యాడ చదవను వస్తాది?" చెంగుకు చెయ్యి తుడుచుకుని లోపలినుంచి ఫోను తెచ్చింది. "ఇదో, ఆయన చనిపోయిన నెలలో వచ్చింది. ఏం రాసినావో చదువు, వింటా."

రఘునాథన్ ఫోను అందుకున్నాడు. దగ్గరగా పెట్టి చూశాడు, దూరంగా పెట్టి చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ చూశాడు. ముగ్గు ఎంత తుడిచినా ముగ్గుగానే ఉంది.

"నాకూ చదవను రాదక్కా."

"అయ్యో, నువ్వు రాసింది నీకే రాదా?"

"నేను రాయలేదక్కా. కంపెనీ రాస్తాది. నేను పువ్వులు ఎక్కువుండేది చూసి పంపిస్తా."

మణియమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే ఆయనకు కొంచెం సుఖంగా ఉండేది. "మరి ఈ పొద్దు ఎందుకొచ్చినావు?" అని మాత్రం అడిగింది.

"నేను బతికుండానని సంతకం కావాలక్కా."

"ఇదో, చూసినా గదా" అని ఆమె సంతకం పెట్టింది. పెట్టి, "ఆయన పోయినాడని నువ్వు పెడతావా?" అంది.

మధ్యాహ్నం రఘునాథన్ రెండు కాగితాలతో బ్రాంచికి వచ్చాడు. మొదటిది చూసి హేమమాలిని ఆయన్ని బతికించింది. రెండోది చూసి చిరాకుపడింది.

"ముత్తు ఉత్తమ పాఠకుడు సార్. పోయిన నెల కూడా చదివినాడు. చనిపోయినాడంటే ఎట్ట ఒప్పుకునేది? ఆయనకు తెలిసిన ఏజెంటు రాసియ్యాల."

"ఏమని?"

"ఆయన చదవలేదని. మీరు ఆ ఇంటికి పోలేదని. పోయిన సంగతి మీకు తెలీదని. అది రాస్తే మీ ఫస్టు ర్యాంకు పోతాది, ఆలోచించుకోండి."

రఘునాథన్ కాసేపు ఆలోచించాడు. (ఎక్కువసేపే. ఫస్టు ర్యాంకు ఏజెంట్ల ఫోటో బ్రాంచి గోడ మీద ఉంటుంది, పువ్వులతో సహా.) తర్వాత తమిళంలో, తనకు చదవడం వచ్చిన అక్షరాల్లో, ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టాడు. మణియమ్మ క్లెయిము కదిలింది. బ్రాంచి గోడ మీంచి రఘునాథన్ ఫోటో దిగింది.

లేచి వెళ్ళబోతుంటే ఆయన ఫోను మోగింది. ఆ రోజు ఒకటో తేదీ. ఈ నెల టెంప్లేటు ఆయన ఎంచలేదు కాబట్టి కంప్యూటరే ఎంచి, ఆయన ఫోటో పెట్టి పంపేసింది. దండాలు వరసగా దిగుతున్నాయి. తేడా ఎవరికీ తెలియలేదు. ఎప్పుడూ అందరికంటే ముందుండే ముత్తు నంబరు నుంచి మాత్రం ఏమీ రాలేదు.

కంప్యూటరు వెంటనే గమనించి, ఎర్ర అక్షరాల్లో హెచ్చరించింది. తెలుగు అక్షరాలు కావడంతో దాన్ని చదవడం హేమమాలినికీ రాలేదు. ఇద్దరూ కలిసి దాన్ని లోకేశ్వరికి పంపి, ఫోనులో చదివించుకున్నారు: "మీ క్లయింటు ముత్తుతో ఆప్యాయత తెగిపోయింది. కారణం: ఏజెంటు ఇంటికి వెళ్ళడం."