కోటలో మంజూరైన లీవు

టీవీ సీరియల్ షూటింగ్ జరగని కోటను నేను కోటగా గుర్తించను. అది పాత గోడ, అంతే!

నవ్వకండి. నేను పదిహేనేళ్ళుగా కువైట్‌లో ఉంటున్నవాణ్ణి. దజీజ్‌లో ఒక టైల్స్ గోడౌన్‌కి స్టోర్‌కీపర్‌ని. పైగా అమలాపురం కాలేజీలో హిస్టరీ పరీక్ష రెండుసార్లు రాసినవాణ్ణి. ఒకేసారి రాసి పాసైపోయినవాళ్ళకి చరిత్ర గురించి నాకు తెలిసినంత ఎలా తెలుస్తుంది?

జహ్రా దాటాక ఒక మట్టికోట ఉంది. పేరు చెప్పను, ఇప్పటికే రద్దీ ఎక్కువైపోయింది. నాలుగేళ్ళ కిందట మొదటిసారి వెళ్ళినప్పుడు లోపల ఒక గార్డు, రెండు పిల్లులు ఉన్నాయి. గార్డు నన్ను చూసి పాపం దారి తప్పాడనుకుని, నేనడక్కుండానే బస్టాపు ఎటో చూపించాడు.

ఆ తర్వాత అక్కడ రంజాన్ సీరియల్ ఒకటి తీశారు. పాతకాలంలో ముత్యాల వ్యాపారం చేసే ఒక ఇంటి కథ. ముప్పై ఎపిసోడ్లు, ముప్పై ఏడుపులు. పండగ అయిన వారానికల్లా ఆ కోట ముందు కారు ఆపుకోవడానికి జాగా లేకుండా పోయింది!

ఇది చరిత్రకి జరిగిన మేలు కాదా? మొన్నీమధ్య ఒక పిల్లాడు ఈ కోట ఎవరు కట్టారని వాళ్ళమ్మని అడిగాడు. హీరో మామగారు కట్టించారంది ఆవిడ. ఎంత హాయి! తేదీలు లేవు, యుద్ధాలు లేవు, రాజుల వరస బట్టీ పట్టక్కర్లేదు. ఉన్నదల్లా ఒక మామగారు. నా చిన్నప్పుడు సిలబస్ ఇలా ఉండి ఉంటే నేను ఈపాటికి ప్రొఫెసర్‌ని.

జహ్రాలో ఒకరింట్లో పనిచేసే మా ఊరి అచ్చాయమ్మ కూడా వచ్చింది, వాళ్ళ మామాతో. ఇక్కడ ఇంటి యజమానురాలిని మామా అంటారులెండి. నేను ఒక గదిలో నిలబడి నీళ్ళ సీసా మూత తీస్తుంటే పరిగెత్తుకొచ్చింది.

“ఈ గదిలో తాగకండి రావుగారు. ఆ చిన్న తమ్ముడు విషం కలిపింది ఇక్కడేనండి” అంది.

నాకు నమ్మకాలు లేవు. అయినా బయటికెళ్ళి తాగాను.

సీరియళ్ళ వల్ల పేదవాడికి ఒరిగిందేమిటని అడిగే మేధావులు కొందరున్నారు. వాళ్ళకి నా జవాబు ఒక్కటే: మా సుబ్బు.

సుబ్బు మా గోడౌన్లో లోడింగ్ మనిషి. రాజోలు దగ్గరివాడు. రెండేళ్ళకొకసారి లీవు అని కాగితం మీద రాసుకుని వచ్చాడు. మూడున్నరేళ్ళయింది. వాడు వచ్చాక పుట్టిన పిల్లని మీ నాన్నేడమ్మా అని అడిగితే సెల్‌ఫోన్ తెచ్చి చూపిస్తుందట. లీవు అడిగిన ప్రతిసారీ మా ముదీర్, అంటే మేనేజరు, కళ్ళెత్తకుండా “బుక్రా” అంటాడు. బుక్రా అంటే రేపు. ఆ రేపులో మొదట కంటైనర్ వచ్చింది. తర్వాత స్టాక్ లెక్కింపు వచ్చింది. తర్వాత బదులు మనిషి రావాలన్నారు. ఆ బదులు మనిషి వచ్చి, ఏడాది పనిచేసి, సొంత లీవు అడగడం మొదలెట్టాడు!

సుబ్బు విసిగిపోయి వాడపల్లి వెంకన్నకి మొక్కుకున్నాడు. ఇంటికెళ్ళి అక్కడ తలనీలాలిచ్చేదాకా కత్తెర ముట్టనన్నాడు. జుట్టు భుజాల మీదికొచ్చింది, గడ్డం గుండెల మీదికి దిగింది. ఫోటో పంపిస్తే వాళ్ళావిడ జ్యోతిలక్ష్మి, “మీ పక్కన ఆ సాధువెవరండి” అని అడిగింది. ఆ ఫోటోలో ఉన్నది సుబ్బు ఒక్కడే.

ఒక శుక్రవారం, వాడి దిగులు తగ్గుతుందని, మేముండే ఖైతాన్ నుంచి బస్సెక్కించి ఆ కోటకి తీసుకెళ్ళాను. సరిగ్గా ఆ రోజే ఆ సీరియల్ రెండో భాగం షూటింగ్. వాడి వాలకం చూసి అసిస్టెంట్ డైరెక్టర్ కళ్ళు మెరిశాయి. మేకప్ అక్కర్లేని పాతకాలపు కూలీ దొరికాడు మరి! నన్ను మాత్రం కొంచెం పక్కకి నిలబడమన్నారు. తర్వాత ఇంకొంచెం పక్కకి. చివరికి గోడ అవతలికి. నా ముఖం ఈ శతాబ్దానిదని అర్థం చేసుకున్నాను.

సీను చిన్నదే. కూలీ ఖర్జూరం బస్తా దింపుతాడు. ఓడ యజమాని వాడి భుజం మీద చెయ్యేసి, “ఖలాస్. నీ పని అయిపోయింది. ఇంటికెళ్ళు, నీవాళ్ళు ఎదురుచూస్తుంటారు” అంటాడు. కూలీ మాట్లాడకుండా తలొంచుకుని పోవాలి.

బస్తా సంగతి చెప్పక్కర్లేదు. వారానికి ఆరు రోజులు మోసేవాడు ఏడో రోజూ మోశాడు, అదీ సరదాకి. ఇబ్బందంతా డైలాగుతో వచ్చింది. మొదటి టేకులో సుబ్బు ఆ మాట విని నిజంగానే గేటు దాటి బస్టాపు దాకా వెళ్ళిపోయాడు. రెండోదాంట్లో ఆ నటుడి కాళ్ళ మీద పడ్డాడు. మూడోదాంట్లో “మరి పాస్‌పోర్టో బాబా” అని చెయ్యి చాపాడు. ఇక్కడ అది యజమాని దగ్గరే ఉంటుంది లెండి. అలా పదకొండు టేకులు. పదకొండోసారి కదలకుండా నిలబడి, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకున్నాడు. డైరెక్టర్ చప్పట్లు కొట్టాడు.

ఒక్క మధ్యాహ్నంలో పదకొండుసార్లు లీవు మంజూరైన కార్మికుడు గల్ఫ్ మొత్తంలో ఇంకెవరైనా ఉన్నారా? చూపించండి!

రంజాన్‌లో ఆ ఎపిసోడ్ వచ్చిన మర్నాడు మా ముదీర్ ఎర్రబడ్డ కళ్ళతో ఆఫీసుకొచ్చాడు. ఆ కాలం మనుషులవి ఎంత మంచి మనసులోనని నాతో అన్నాడు. ఆ కూలీ మన సుబ్బే అని చెబితే ముందు నమ్మలేదు, తర్వాత వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. పండగ అయ్యాక కుటుంబాన్ని తీసుకుని కోటకి బయలుదేరాడు. చోటు చూపించడానికి సుబ్బు, మాటలు చేరవెయ్యడానికి నేను.

ముదీర్ ఓడ యజమాని నిలబడ్డ మెట్టు మీదే నిలబడ్డాడు. బస్తా లేదు గనక కారులోంచి ఐస్‌బాక్సు తెచ్చి సుబ్బు నెత్తిన పెట్టారు. ఆయన భార్య వీడియో కెమెరా తెరిచింది. సుబ్బు ఐస్‌బాక్సు దింపాడు. ముదీర్ వాడి భుజం మీద చెయ్యేసి, “ఖలాస్. నీ పని అయిపోయింది. ఇంటికెళ్ళు, నీవాళ్ళు ఎదురుచూస్తుంటారు” అన్నాడు. చెప్పొద్దూ, ఆ నటుడికంటే బాగా అన్నాడు.

సుబ్బు నావైపు తిరిగాడు. “టికెట్ ఏ తారీఖుకి తీస్తారో కాస్త అడగండి రావుగారు” అన్నాడు.

అడిగాను. పదిహేనేళ్ళ ఉద్యోగంలో నేను చేసిన సాహసం అదొక్కటే.

ముదీర్ కోప్పడలేదు. నవ్వనూ లేదు. భార్యవైపు చూసి, “మళ్ళీ తియ్యి. సీన్లో లేని మాట మాట్లాడాడు” అన్నాడు.

మళ్ళీ తీశారు. ఈసారి సుబ్బు ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. వీడియో చాలా బాగా వచ్చింది.