నూటికి పన్నెండు

జమ్మలమడుగు బస్టాండు వెనక ఓబులయ్య ఫ్లెక్సీల షాపులో ఆ పొద్దు అనుకున్న పని చాలా చిన్నది. చనిపోయిన ఆదిలక్ష్మమ్మ ముఖం తేట చేయాలి, నిలువెత్తు ఫ్లెక్సీ కొట్టాలి, ఆమె కొడుకు జగదీశ్‌ను పదకొండు గంటల బస్సెక్కించాలి. ఆ రోజు ఆమె పెద్దదినం, అంటే పెద్దకర్మ. కొండాపురం దగ్గర పునరావాస కాలనీలో షామియానా వేశారు. చుట్టాలు విస్తళ్ళ ముందు కూర్చునేలోపు ఆమె అక్కడ నిలబడాలి.

జగదీశ్ దగ్గరున్నది ఒకటే ఫోటో. రిజర్వాయర్ నీళ్ళు ఊరిని ముంచకముందు, పాత ఇంటి వాకిట్లో ఎవరో సెల్లుతో తీసింది. ముఖం బూడిద పూసినట్టు మసకగా ఉంది.

"ఎనకున్న ఇల్లు తీసేసి తెల్లటి మబ్బుల మోడాలు పెడతాలే అన్నా. దేవలోకంలో ఉన్నట్టుంటాది" అంది కంప్యూటర్ ముందు కూర్చున్న సుభాషిణి.

"ఏమన్నా చెయ్ పాపా. మాయమ్మ మొగం కనపడాల, అంతే."

అప్పుడే ఓబులయ్య లోపలికొచ్చాడు. అతని తండ్రి దాకా వాళ్ళది గొర్రెల మంద. సాయంత్రం దొడ్డి వాకిట నిలబడి ఎన్ని వచ్చాయో ఎంచే అలవాటు ఇతనికి తెర ముందు కూడా పోలేదు. తెర మూలలో కనబడే అంకె మిషన్ ఎంత పని చేస్తుందో చెబుతుందని అమ్మినవాడు చెప్పాడు. ఆ మాట పట్టుకున్నాడు.

"ఏంది పాపా ఇది, నూటికి పన్నెండా? మిగిల్న ఎనభై ఎనిమిది యాడ పండుకున్నాయి?"

"తక్కువుంటే మంచిదే కదా మామా! ఇంకా శానా సత్తువుందని. అన్న టీ తాగొచ్చేలోపు అయిపోతాది."

జగదీశ్ నమ్మి టీకి పోయాడు.

ఇద్దరిదీ పొరపాటే. ఆ కంప్యూటర్ పెట్టెలో ఉండేది ఒక్కడు కాదు, ఎనిమిది మంది కూలీలనుకోండి. ముఖం తేట చేసే పని సన్నటి సందు లాంటిది, అందులో ఒకడే పడతాడు. ఆ ఒక్కడూ ప్రాణం పెట్టి మోస్తున్నా లెక్కలో నూటికి పన్నెండే. అది సోమరితనమూ కాదు, మిగులు బలమూ కాదు.

"దుడ్లు పోసి కొన్న మిషన్ ఇట్ల కునుకుతాంటే చూస్తా ఊరుకుంటానా? పొద్దుటూరు బంగారంగడి బోర్డు తెరువు. పులివెందుల పెండ్లి ఫ్లెక్సీలన్నీ తెరువు. ఒకేసారి తోలు!"

జాగా ఉంది కదా అని సుభాషిణి అన్నీ తెరిచింది. అంకె ముప్పై దాటింది, డెబ్బై దాటింది, నూరు దగ్గర నిలిచింది. మంద మొత్తం దొడ్డికి చేరినట్టు ఓబులయ్య తృప్తిగా మీసం నిమురుకున్నాడు. "చూడు, ఇప్పుడు చెమట పడతాండాది!"

టీ తాగి వచ్చిన జగదీశ్ తెర మీద నూరు చూశాడు. అతని లెక్కలో నూరంటే పని అయిపోయినట్టు. వెంటనే మేనమామకు ఫోన్ కొట్టాడు. "నూరైపాయ మామా! ఫ్లెక్సీకి కట్టెలు నాటండి, వచ్చేస్తాండా."

ఇక్కడ మాత్రం తెర మీద మౌస్ బాణం గుర్తు కదలడం లేదు. లోపలి ఫ్యాను పిండిమరలా అరుస్తోంది.

"ఏంది పాపా, నూరైనా బయటికి రాదే?"

"అది అయిపోయిన నూరు కాదన్నా. చేస్తాండే నూరు."

"చేస్తాంటే కదలాల గదా?"

ఎనిమిది మందీ పనిలో ఉన్నట్టే లెక్క. నిజానికి అందరూ మెమరీ నుంచి రావాల్సిన సరుకు కోసం గంపలు చాచి నిలబడ్డారు. ఆ అంకె నిలబడడాన్ని కూడా పనిగానే రాసుకుంటుంది.

మేనమామ ఫోన్ చేశాడు. "కట్టెలు నాటి గంటయింది రా! కట్టెలకే దండేయమంటావా?"

జగదీశ్ ఫోన్ చెవిన పెట్టుకునే గోడకానుకుని నేల మీద కూలబడ్డాడు. "ఊరు నీళ్ళపాలాయ. అమ్మ మట్టిపాలాయ. ఆ మొగమన్నా చూపిస్తామనుకుంటి మామా."

ఓబులయ్య మీసం మీది చెయ్యి దించాడు. పోయి ప్లగ్గు పీకేశాడు. సగం తేటపడిన ముఖం దాంతోపాటే పోయింది. పదకొండు గంటల బస్సుకు ఇంక అరగంటే ఉంది. మళ్ళీ తేట చేసే టైము లేదు, మోడాలు పెట్టే టైమూ లేదు. మిషన్ మళ్ళీ లేపి ఫోటో ఎట్లా ఉందో అట్లే కొట్టి చుట్ట చుట్టి ఇచ్చారు. జగదీశ్ దాన్ని భుజాన వేసుకుని బస్సు వెంట పరుగెత్తాడు.

సాయంత్రం అతనే ఫోన్ చేశాడు. ఓబులయ్య భయపడుతూ ఎత్తాడు.

"మొగం ఎవరికీ తెలియల్యా మామా. కానీ ఎనక మా ఇల్లు, పక్కింటోళ్ళ అరుగు, సందు మలుపు, అన్నీ కనపడ్నాయి. ఊరోళ్ళంతా ఇస్తళ్ళ ముందర్నుంచి లేచి ఆ ఫ్లెక్సీ ముందర నిలబడి ఏడ్సిరి."

"మంచిదే కదప్పా!"

"యాడ మంచిది? ఇంకా నాలుగిండ్లోళ్ళకు అట్లాంటిదే కావాలంట." జగదీశ్ ముక్కు చీదాడు. "మాయమ్మను తీసేసి."

మరునాడు పొద్దున సుభాషిణి నుదుటి బొట్టుబిళ్ళ తీసి తెర మూలలో ఆ అంకె మీద అంటించింది. అప్పటి నుంచి మిషన్ బాగా పనిచేస్తోందని ఓబులయ్య అందరికీ చెబుతున్నాడు.