ఇంకో ఐదేళ్లలో మోకాలు

మా బావమరిది ఫ్రిజ్‌లో మోకాళ్లు పెంచుతున్నాడని పక్కింటావిడ కిందింటావిడతో అందట. కిందింటావిడ ఆ మాట మా ఆవిడ చెవిన వేసింది. మా ఆవిడ వచ్చి నా మీద పడింది, "మా తమ్ముడి గురించి ఊరంతా ఏం వాగారు?" అని.

నేను వాగిందంతా సైన్సే! కాకపోతే అది ఫ్రిజ్ కాదు, వాడు పనిచేసే ల్యాబులోని వెచ్చటి గాజు అల్మరా. అందులో పెరుగుతున్నది మోకాలు కాదు, మోకాట్లో అరిగిపోయే గుజ్జు.

మూలకణాలని కొన్ని ఉంటాయి. ఏ పని చెబితే ఆ పని నేర్చుకునే రకం. పాపం, పట్టు దొరక్కపోతే చచ్చిపోతాయి. అందుకని చొక్కా బొత్తామంత జెల్లీ బిళ్లను, నిండా సన్నటి రంధ్రాలతో, పాదుకు పందిరి వేసినట్టు తయారుచేస్తారు. దానికి పెప్టైడులనే బుల్లి ప్రొటీన్ ముక్కలు అతికిస్తారు. చేలో నడిస్తే ప్యాంటుకు అంటుకునే ముళ్లకాయలు చూశారుగా? అలాంటి కొక్కేలన్నమాట. కణం వచ్చి వాటికి తగులుకుని, ఇక్కడే కాపురం పెడతానంటుంది. గుజ్జు అల్లుకున్నాక పందిరి దానంతటదే కరిగిపోతుంది.

ఇంత గొప్ప పరిశోధనలో మానవజాతికి దక్కిన వరమేమిటి? గుజ్జా? కానేకాదు! "ఇంకో ఐదేళ్లు" అనే మాట!

మా బావమరిది ఆ మాట ఎనిమిదేళ్ల కిందట మొదటిసారి అన్నాడు. నిన్న కూడా అన్నాడు. మనందరికీ వయసు మీద పడింది. ఆ ఐదేళ్లకు మాత్రం ఒక్క రోజైనా తరగలేదు! ఇంతకంటే నిలకడైనది లోకంలో ఏముంది చెప్పండి?

కష్టపడడంలేదని అనను. కణాలకు తిండిగా పోసే గులాబిరంగు నీళ్లు రోజు విడిచి రోజు మార్చాలి. అందుకే వాడి పెళ్లి ఫొటోల్లో సగంవాటిలో వాడు లేడు. పెళ్లికూతురి పక్కన ఖాళీ.

ఆ ఐదేళ్ల మాట మా మెట్లు దిగి వీధినపడి అందరికీ అక్కరకొచ్చింది. ఇంటి ఓనరు లిఫ్టు ఇంకో ఐదేళ్లలో పెట్టిస్తానన్నాడు. వంటింటి కుళాయి సంగతి మా ఆవిడ అడిగితే నేనూ అదే అన్నాను. సైన్సును కాదంటుందా?

ఈ వరం అందరికంటే ఎక్కువ అందుకున్నది మా అత్తగారు. ఆవిడ టైలరు. ముప్పై ఏళ్లు మిషను తొక్కి రెండు మోకాళ్లూ అరగదీసుకున్నారు. ఎముకల డాక్టరు అప్పుడే కీళ్లు మార్చేద్దామన్నాడు. కొడుకు అడ్డంపడ్డాడు. "లోహపు ముక్కలెందుకమ్మా? ఐదేళ్లాగు. నీ కణాలతోనే నీ గుజ్జు మొలిపిస్తా."

ఆవిడ ఆగారు. మిషనుకు మోటారు బిగించుకోవచ్చుగా అంటారేమో. బిగించాం. ఆవిడ మాతో ఉండే ఈ మూడో అంతస్తు మెట్లకు బిగించలేం కదా! ఆవిడ కుట్టు కొట్టేమో కింద వీధిలో ఉంది. ఎనిమిదేళ్లుగా కిటికీలోంచి దాని షట్టరు చూస్తూ హాయిగా విశ్రాంతి తీసుకుంటున్నారు. ఎందరికుంది ఆ అదృష్టం?

నిన్న బావమరిది ఎగురుకుంటూ వచ్చాడు. ఫోను మా అందరి ముందూ పెట్టాడు. అందులో ఒక మేక. మోకాట్లో వాడి పందిరి వేసుకుని, గుజ్జు మొలిపించుకుని, గోడెక్కి దూకుతోంది!

"మనుషులకెప్పుడురా?" అన్నారు అత్తగారు.

"ట్రయల్ మొదలవుతోందమ్మా. అది కుదిరితే ఇంకో ఐదేళ్లలో బయటికొస్తుంది."

"ఆ ట్రయల్లోనే నా పేరు రాయించు."

వాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. "యాభై ఐదు లోపు వాళ్లనే తీసుకుంటారమ్మా."

మొదలుపెట్టినప్పుడు ఆవిడకు యాభై నాలుగు. నేను వేళ్లు మడిచి చూసుకుని మానేశాను.

"మేకకెన్నేళ్లు?" అడిగారు అత్తగారు.

"రెండు."

"అదృష్టవంతురాలు."

"అలా అనకమ్మా. ఇదంతా నీకోసమే కదా మొదలుపెట్టింది!"

అత్తగారు గోడ పట్టుకుని లేచారు. సగంలో ఆగి, ఊపిరి తీసుకుని, కొడుకు వంక చూశారు.

"నాకోసం మొదలుపెట్టావు, మేకకోసం పూర్తిచేశావు. రేపు ఆ ఎముకల డాక్టరు దగ్గరికి నువ్వొస్తావా, మేకను పంపుతావా?"