ఎర్రగుడ్డ కట్టిన చోటు

హన్నా అప్పటికి పదకొండు పీతలకి నార కట్టేసింది. పన్నెండోది మొండిది. దాని వీపు మీద బొటనవేలు అదిమి, డెక్కలు రెండూ లోపలికి మడిచి, నానబెట్టిన తాటినార చుట్టబోయేసరికి అది రెండుసార్లు విదిలించుకుంది.

"కట్టించుకోవే తల్లీ. అమలాపురం సంతలో నాకన్నా నీకే మర్యాద ఎక్కువ," అంది హన్నా.

తొమ్మిది గంటల బస్సుకి వెళ్ళాలి. పీతలు అమ్మాలి. లాంతరు గ్లాసు ఒకటి కొనుక్కుని సాయంత్రానికి తిరిగి రావాలి. ఆ రోజుకి ఆమె అనుకున్న పని అంతే. అందుకే పొద్దున్నే స్నానం చేసి, సంతకి మాత్రమే కట్టే ఎర్ర నేతచీర కట్టుకుని కూర్చుంది.

ఆమె ఇల్లు గుల్లలరేవులో, సముద్రంలో కలిసే పాయ ఒడ్డునే ఉంది. అదే పాయ మీద ఇంకా రెండు చిన్న రేవులున్నాయి, బొండాలరేవు, పాతరేవు. తుపాను వచ్చి వెళ్ళిన దగ్గర్నుంచి పాయంతా మేటవేసి, ఆటు సమయంలో పడవలు బురదలో కూర్చునేవి. కిందటేడు గుల్లలరేవు వాళ్ళు తమ ముందున్న మట్టి తీసి నీళ్ళలోనే పోశారు. అది ఆటుతో పాటు కిందికి పోయి బొండాలరేవు మెట్లు పూడ్చేసింది. బొండాలరేవు వాళ్ళు దాన్ని తీసి పాతరేవుకి పంపారు. అప్పట్నుంచి మూడు రేవులకీ మాటల్లేవు.

ఈ ఏడు ప్రభుత్వం తవ్వోడనే పంపింది. అడుగున ఉన్న మట్టిని పీల్చి, పీపాల మీద తేలే పొడుగాటి గొట్టంలోంచి ఎక్కడ కావాలంటే అక్కడ కక్కే ఓడ. ఎక్కడ కక్కాలన్నదే తగువు. కాగితం మీద రెండు పల్లపు చోట్లు రాశారు. ఒకటి ప్రెసిడెంటు బంగారరాజు గారి కొబ్బరితోట. రెండోది పాయ అవతల ఉన్న మడ అడవి. బంగారరాజు గారు కాగితం చదివి, మడ ఎవరికీ పనికిరాని బురద అని దాని కిందే రాసి సంతకం పెట్టారు.

ఆ పనికిరాని బురదలోనే హన్నా పద్నాలుగో ఏట నుంచి పీతలు పడుతోంది. మడచెట్ల వేళ్ళ మధ్య ఏ కన్నంలో ఏ పీత ఉందో ఆమెకి తెలుసు. మడ పూడితే ఆమెకి బుట్టా లేదు, సంతా లేదు. ఊళ్ళో బడి ఏడో తరగతి దాకా ఉంది కనక అర్జీ తనే రాసింది. వారం కిందట రేవు కచేరీకి వెళ్ళి ఓవర్సీయరు రామ్మూర్తి గారి ముందు నిలబడింది.

"మడలో ఒక్క తట్ట మట్టి పడినా నేనెళ్ళి అక్కడే నిలబడతానండి."

"అర్జీ పెట్టుకోమ్మా."

"మూడు పెట్టేనండి. నాలుగోది నేనే."

అందుచేత ఆ పొద్దున ఆమె భర్త ధనరాజు వెదురుగడ పట్టుకుని, చంకలో ఎర్రగుడ్డల మూటతో వాకిట్లోకి రాగానే, హన్నా పీతని పట్టుకునే తలెత్తింది. ధనరాజు రేవు కచేరీలో లోతులు కొలిచే కళాసీ. ఆయన వెనకాల, పాయకి అవతల, మడ చుట్టూ ఐదు కొత్త గడలు పాతి ఉన్నాయి. ఒక్కో దాని చివర ఒక ఎర్రగుడ్డ ఎగురుతోంది.

ఆ పాయ మీద ఎర్రగుడ్డకి తాతల నాటి నుంచీ ఒకటే అర్థం. ఇక్కడ వల ఉంది, దగ్గరికి రావద్దు అని. గడకి ఎర్రపేలిక కనిపిస్తే ఎంత పొగరున్న పడవైనా చుట్టు తిరిగి పోవలసిందే.

"ఏవయ్యా, మడ చుట్టూ గుడ్డలు కట్టింది నువ్వేనా?"

"ఆయ్."

"ఓవర్సీయరు గారు కట్టమన్నారా?"

"ఆయ్."

"మరి చెప్పవేం?"

ధనరాజు చెంబెడు నీళ్ళు ఆగకుండా తాగాడు. "ఈ పాయ మీద ఎర్రగుడ్డ కడితే అర్థవేంటో నీకు నేను చెప్పాలా," అన్నాడు.

అందులో అబద్ధం లేదు. ఓవర్సీయరు గారి కాగితంలో మాత్రం, తెల్లగుడ్డ ఉన్నచోట తవ్వాలి, ఎర్రగుడ్డ ఉన్నచోట పొయ్యాలి అని ఉంది. ఆ సంగతి సాయంత్రం అన్నం తిన్నాక చెబుదామని ధనరాజు ఆలోచన. ఖాళీ కడుపుతో చెప్పే సంగతి కాదని ఆయనకి తోచింది.

హన్నా ఐదు గుడ్డలనీ ఇంకోసారి చూసుకుంది. మూడు అర్జీలూ ఎవరో చదివారన్న మాట. ఆమె పన్నెండో పీతని ఒక డెక్కకే నార వేలాడుతుండగా వదిలేసి లేచింది. బస్సు ఇంకో వారం దొరుకుతుంది. ఆయన చంకలోని మిగిలిన గుడ్డల మూట లాక్కుంది.

"ఇవెక్కడికే?" అన్నాడు ధనరాజు.

"మన మడ ఒక్కటీ బాగుంటే సరా? బొండాలరేవు వాళ్ళ గుల్లల మేట ఏమైపోవాలి?"

ధనరాజు నోరు తెరిచాడు. చెప్పడానికి అదే సరైన సమయం. మళ్ళీ చెంబు అందుకున్నాడు.

బొండాలరేవులో గుల్లలేరే ఆడవాళ్ళకి పెద్ద పాపాయమ్మ. ఏడాది తర్వాత గుల్లలరేవు మనిషి తమ ఒడ్డున దిగడం చూసి ఆమె నడుం మీద చేతులేసుకుంది.

"కిందటేడు మట్టి పంపించేరు. ఈ ఏడు గుడ్డలా?"

"మట్టి మిమ్మల్ని అడక్కుండా పంపేం పాపాయమ్మత్తా. అది తప్పే. గుడ్డ చేతికిచ్చి చెబుతున్నాను. ఎర్రగుడ్డ ఉన్న జోలికి తవ్వోడ రాదంట. కట్టుకోండి."

పాపాయమ్మ గుడ్డని వెలుగుకి పట్టి చూసింది. తప్పేనన్న మాట ఇంకోసారి చెప్పించుకుంది. తర్వాత గుల్లల మేటకి నాలుగు వైపులా కట్టించి, మిగిలిన రెండూ పాతరేవుకి తనే పట్టుకెళ్ళింది. ఏడాదిగా పాతరేవు వాళ్ళని చూస్తే మొహం తిప్పుకున్న మనిషి అక్కడ కూర్చుని మజ్జిగ కూడా తాగి వచ్చింది.

పది గంటలకి మూట అయిపోయింది. కబురు మాత్రం అయిపోలేదు. వలలున్న వాళ్ళు, రొయ్యల గుంటలున్న వాళ్ళు, ఇల్లు పల్లంలో ఉన్న వాళ్ళు పెట్టెలు తెరిచారు. పాత లంగాలు వచ్చాయి, దిండు గలీబులు వచ్చాయి. మలికిపురం పెళ్ళి బ్యాండులో సన్నాయి ఊదే ఆయన తన ఎర్రకోటే గడకి తొడిగాడు. అది చేతులు చాపుకుని పాయ మధ్య నిలబడింది. గట్టు మీద పోతున్న రాజోలు బస్సు ఆగి, కండక్టరు తల బయటపెట్టి ఏ పార్టీ మీటింగని అడిగాడు.

బంగారరాజు గారు స్వయంగా హన్నా వాకిట్లోకి వచ్చారు.

"ఏమ్మా హన్నా, ఊరందరికీ పంచేవంట."

"మీకెందుకండీ? మట్టి మడకే రాసి సంతకం పెట్టేరు గదండీ."

"మన జాగ్రత్తలో మనం ఉండాలి గదమ్మా. ఒక ముక్క ఇయ్యి."

"అయిపోయేయండి. అర్జీ పెట్టుకోండి."

ఆయన ఎర్రబడి వెళ్ళిపోయారు. ప్రెసిడెంటు అయినప్పుడు సన్మానంలో కప్పిన ఎర్ర పట్టుశాలువా బీరువాలోంచి తీయించి, తన కొబ్బరితోట అంచున అన్నిటికన్నా పొడుగు గడకి కట్టించారు. మూడు రేవుల్లోనూ అంత పెద్ద గుడ్డ లేదు.

మధ్యాహ్నం పోటు మీద తవ్వోడ వచ్చింది. ఓవర్సీయరు రామ్మూర్తి గారు పైన నిలబడి చేత్తో నీడపట్టుకుని లెక్కపెట్టారు. మధ్యలో తప్పి మళ్ళీ మొదలుపెట్టారు.

"ఏవయ్యా ధనరాజూ. ఐదు కట్టమంటే ఇన్ని కట్టేవేం?"

"నేను ఐదే కట్టేనండి. మిగతావి ఎవరిష్టం మీద వాళ్ళు కట్టుకున్నారండి."

రామ్మూర్తి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పాతికేళ్ళ సర్వీసయ్యా. పోసిన ప్రతిచోటా తిట్టినవాళ్ళే. మా చోట పొయ్యండని పిలిచిన ఊరు ఇదొక్కటే." ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "అందరికన్నా ప్రేమగా పిలిచింది ఎవరో చూడు. ఆ శాలువా ఎవరిది?"

గొట్టం శాలువా వైపు తిరిగింది. గర్రుమని శబ్దం చేసి నల్లటి ఒండ్రుమట్టిని బంగారరాజు గారి తోటలోకి కక్కింది.

ఆయన పంచె ఎగ్గట్టుకుని పరిగెత్తుకొచ్చారు. "ఆపండి. ఎవరు పొయ్యమన్నారు?"

"తమరేనండి. శాలువాతో పిలిచేరు," అన్నారు రామ్మూర్తి గారు వినయంగా. ఆ వెంటనే కాగితం తీసి చదివి వినిపించారు.

ఎర్రగుడ్డ అంటే పొయ్యమని అర్థమట. ఆ మాట బురద కన్నా వేగంగా మూడు రేవులకీ పాకింది. జనం పడవల మీదా, ఈదుకుంటూనూ పోయి ఎవరి గుడ్డలు వాళ్ళు పీక్కున్నారు. బంగారరాజు గారు శాలువా దింపించారు. సన్నాయి ఆయన తడికోటు అక్కడే తొడుక్కుని ఒడ్డుకి ఈది, చెట్ల చాటుకి పోయాడు. పాపాయమ్మ నాలుగు గుడ్డలూ మొలలో దోపుకుని, ఈసారి ఎవర్ని తిట్టాలో తేల్చుకోలేక ఆగింది.

ఒడ్డున హన్నా మొగుడి వైపు చూసింది. ధనరాజు చేతిలోని గడకి ఉన్న కణుపులు ఎన్నో లెక్కపెట్టుకుంటున్నాడు.

ఆమె ఎర్ర చీర కుచ్చిళ్ళు పైకి దోపి, చిన్న దోనె తోసుకుని పాయ దాటింది. మడలో మోకాలి లోతు బురదలో నడిచి, ఐదు గడలకీ ఉన్న ఐదు గుడ్డలూ ఊడదీసి నడుంలో పెట్టుకుంది. తర్వాత చెప్పిన మాట ప్రకారం మడ మధ్యకి వెళ్ళి నిలబడింది.

ఇప్పుడు పాయ మొత్తం మీద ఎర్రగా కనిపించేది ఒక్కటే మిగిలింది.

"అదిగో," అన్నారు రామ్మూర్తి గారు ఊపిరి పీల్చుకుని. "అసలుది అక్కడుంది. కాగితంలో రాసిన చోటు కూడా అదే. గొట్టం అటు తిప్పండి."

"అది గుడ్డ కాదండీ, మా ఆవిడండీ," అన్నాడు ధనరాజు.

"ఎర్రగుడ్డ అనే ఉందయ్యా కాగితంలో. గడకి కట్టాలా, మనిషి కట్టుకోవాలా అని లేదు."

గొట్టం పీపాల మీద ఊగుతూ మెల్లిగా తిరగసాగింది. పాపాయమ్మ పడవలోంచి అరిచింది. "ఇంటికి పోవే హన్నమ్మా. మీద పోసేత్తారు."

"నేను పోనత్తా," అంది హన్నా. "రంగు పోతుందిలే."

వంగి రెండు చేతులా బురద తీసి భుజం మీద రాసుకుంది. తర్వాత పైట, తర్వాత నడుం. ఇంటి గోడ మెత్తుతున్నట్టు తీరుబడిగా, ఎక్కడా ఎర్రచుక్క మిగలకుండా అంచు దాకా మెత్తుకుంది. నేతచీర పోయింది. మడచెట్ల మధ్య ఇంకో మడమొద్దులాగా ఆమె మిగిలింది.

పాపాయమ్మ కాసేపు చూసి, పడవ దిగి, పక్కన వచ్చి నిలబడింది. ఆమె చీర ఎలాగూ నల్లదే. పాతరేవు వాళ్ళు ఇద్దరు వచ్చారు. రామ్మూర్తి గారు పాయ అంతా వెతికారు. ఎక్కడా ఎరుపు లేదు. ఎరుపు లేనిచోట పొయ్యడానికి కాగితం ఒప్పుకోదు. మిషను ఆగింది.

ఆ నిశ్శబ్దంలో తోటలోంచి కొబ్బరికాయలు దింపే సత్తిబాబు మాట అందరికీ వినిపించింది. అతను చెట్టు మొదట్లో గొంతుకూర్చుని, మట్టి వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నాడు.

"పెసిడెంటు గారండీ, తిట్టడం ఆపండి. ఏటా వేసవిలో బళ్ళు కట్టి తోలించే ఒండ్రే గదండీ ఇది. చెట్టుకి మనం వేరే వేసే ఉప్పు కూడా ఇందులోనే కలిపి పంపించేరు."

బంగారరాజు గారి తిట్టు సగంలో ఆగింది. ఆయన చెట్లని చూశారు, మట్టిని చూశారు. చుట్టూ వింటున్న జనాన్ని చూసి, "నెమ్మదిగా అనరా," అన్నారు.

అప్పటికే ఆలస్యమైంది. ప్రెసిడెంటు గారు ముందే తెలిసి శాలువా కట్టారని ఒకరన్నారు. పెద్దవాళ్ళకే పెద్ద మట్టి అని ఇంకొకరన్నారు. అరగంటలో, పీకేసిన గుడ్డలన్నీ తిరిగొచ్చాయి, ఈసారి కొబ్బరితోటల అంచుల్లోకి. సన్నాయి ఆయన కోటు మళ్ళీ విప్పాడు. ఎవరి తోట ముందో తేలక గట్టు మీద తోపులాట మొదలైంది. రామ్మూర్తి గారు చేతులెత్తేశారు.

"అసలు గుడ్డలు ఐదే. కచేరీ ముద్ర ఉన్నవి అవే, మూటలో మిగతావి ఉత్త గుడ్డలు. అవి ఏ తోటకి కడితే ఆ తోటకే. ఎక్కడున్నాయవి?"

అవి హన్నా నడుంలో ఉన్నాయి.

ఆ సాయంత్రం మూడు రేవుల వాళ్ళూ ఏడాది తర్వాత మొదటిసారి ఒకే అరుగు మీద కూర్చున్నారు. అది హన్నా అరుగు. ఆమె ఒంటి మీది బురద ఎండి నెర్రెలిచ్చింది. ఆమె కడుక్కోలేదు. కాగితం అడిగి మోకాలి మీద పెట్టుకుని రాసింది. మట్టి మడలో పొయ్యకూడదు. ఆటు నీళ్ళలో వదిలి పక్క రేవుకి పంపకూడదు. రొయ్యపిల్ల పాయలోకి ఎక్కే నెలల్లో తవ్వోడ కదలకూడదు. తోటలకి మట్టి వంతులవారీగా, మూడు రేవులకీ సమానంగా.

"ఇది కచేరీ పద్ధతి కాదమ్మా," అన్నారు రామ్మూర్తి గారు.

"గుడ్డలు నా దగ్గరున్నాయండి," అంది హన్నా.

బంగారరాజు గారు ఇంకో వంతు దొరుకుతుందేమోనని అందరికన్నా ముందు సంతకం పెట్టారు. రామ్మూర్తి గారు ఆఖర్న పెట్టి, పాత కాగితంలో మడ అన్న మాటకి ఎదురుగా, పొయ్యడానికి మట్టి మిగల్లేదు అని రాసుకున్నారు.

అందరూ వెళ్ళాక హన్నా స్నానం చేసి వచ్చి కంచం పెట్టింది. ధనరాజు పీట మీద కూర్చున్నాడు.

"అన్నం తిన్నాక చెబుదామనే అనుకున్నానే," అన్నాడు.

హన్నా కంచంలో అన్నం వడ్డించలేదు. బురద పట్టి చెక్కలా బిగిసిన ఎర్రచీర తెచ్చి ఆయన ముందు నిలబెట్టింది. అది నిలబడింది కూడా. దాని పక్కన బట్టల సబ్బు పెట్టింది.

ధనరాజు చీరని చూశాడు, ఖాళీ కంచాన్ని చూశాడు. లేచి, చీరని పలకలాగా చంకలో పెట్టుకుని, సబ్బు తీసుకుని, ఒక్క మాట మాట్లాడకుండా పాయ వైపు వెళ్ళిపోయాడు.

పన్నెండో పీత, ఒక డెక్కకి నార వేలాడుతుండగా, ఆయన వెనకే గడప దాటింది. అదీ ఏమీ అనలేదు.